పాత కారుకు విలువ ఎక్కడుంది?

మా వీధి చివర మెకానిక్ షెడ్డు ముందు ఆ మధ్య ఒక పాత మారుతి 800 ఆగింది. తలుపుల అడుగున తుప్పు, సీట్లు చిరిగిపోయాయి. దాన్ని కొనుక్కొచ్చినాయన తాను ఎంతిచ్చాడో చెప్పగానే మెకానిక్ చేతిలో స్పానర్ కింద పెట్టేశాడు. ఇంకొంచెం కలిపితే కొత్త కారే వస్తుంది! "మామూలు మారుతే కదన్నా, అంత రేటెందుకు పెట్టావ్?" అని అడిగాడు. "ఇలాంటివి ఇక రావు తమ్ముడూ" అన్నాడు ఆయన.

ఇది కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోకండి. ఒక వస్తువుకు విలువ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ విలువ ఎవరికి చెందాలి? ఈ రెండు ప్రశ్నలూ మనందరివీ.

మొదటి ప్రశ్న చూద్దాం. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళం చెవిని ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఢిల్లీ వాసి హర్‌పాల్ సింగ్ అందుకున్నారు. 2010లో చనిపోయేదాకా ఆయన ఆ బండిని అమ్మలేదు. ఆయన పోయాక అది ఇంటి బయట ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టింది. దారినపోయేవాళ్ళకు అదొక పాత డొక్కు. తర్వాత దాన్నే బాగుచేసి కంపెనీ ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టారు. ఇంజను అదే రకం, రేకు అదే రకం. ఆ వెనుక లక్షల సంఖ్యలో వచ్చిన మారుతులకూ దీనికీ ఉన్న తేడా కథ ఒక్కటే.

ఇంగ్లండులోనూ ఇంతే. ఫోర్డ్ ఎస్కార్ట్ అక్కడ సగటు మనిషి కారు. అందులో కాస్త వేగంగా పోయే ఒక రకాన్ని యువరాణి డయానా 1980లలో నడిపింది. 2022 ఆగస్టులో ఆ కారు వేలంలో 6 లక్షల 50 వేల పౌండ్లు పలికింది. కొన్నవాళ్ళు డబ్బు పోసింది ఇంజనుకా, ఆమె పేరుకా? మీరే చెప్పండి.

రాజు మిళిందుడితో భిక్షువు నాగసేనుడు జరిపిన సంవాదం మీకు గుర్తుండే ఉంటుంది. రథం అంటే చక్రమా? ఇరుసా? కాడా? ఏ ఒక్కటీ కాదు. అన్నీ కూడినప్పుడు మనం పెట్టుకున్న పేరు రథం. ధర కూడా అలాంటిదే. బండిని విప్పి ముక్కలు ముక్కలుగా పరిచినా ధర అనే ముక్క అందులో దొరకదు. మన చిన్నతనం, నాన్న పక్క సీట్లో కూర్చుని చేసిన తొలి ప్రయాణం, ఇలాంటివి ఇక కొన్నే మిగిలాయన్న మాట, పక్కవాడు కూడా కోరుకుంటున్నాడన్న భయం, ఇవన్నీ కలిస్తే ధర. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా ధర పడిపోతుంది.

ఇక రెండో ప్రశ్న. అసలు నొప్పి ఇక్కడే ఉంది.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో ముంబయి రోడ్ల నుంచి సెలవు తీసుకున్నాయి. ఇవి అరుదైపోవడానికి కారణం ఏమిటి? టాక్సీ డ్రైవర్లు వాటిని అరిగిపోయేదాకా నడిపి, బియ్యం తెచ్చుకున్నారు, పిల్లల ఫీజులు కట్టారు. చివరికి తుక్కు కింద ఇచ్చేశారు. అలా వేల బండ్లు పోయాయి కనకే మిగిలిన కొన్నిటికి గిరాకీ.

మన నిబంధనలు కూడా చూడండి. 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే అయ్యే ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. అదే కారు 50 ఏళ్ళు దాటితే, 2021లో వచ్చిన నిబంధన ప్రకారం, వింటేజ్ బండిగా ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు. అంటే 15 దాటితే భారం, 50 దాటితే వారసత్వం. మధ్యలో 35 ఏళ్ళు దాన్ని నీడలో నిలబెట్టగలిగేది ఎవరు? షెడ్డు ఉన్నవాడు. బండి మీద బతికేవాడికి ఆ సౌకర్యం ఎక్కడిది?

దీనికి ఒక జవాబు ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేసేదీ కాదు. "డబ్బు పెట్టేవాళ్ళు లేకపోతే మామూలు మనిషి కారు ఒక్కటీ మిగలదు. రాజుల కార్లే మ్యూజియంలో ఉండాలా?" అంటారు. నిజమే. మా మెకానిక్ దొరకని విడిభాగం కోసం పాత సామాన్ల బజారంతా తిరుగుతాడు, దొరక్కపోతే తానే లేతు మీద తయారు చేయిస్తాడు. ఆ పనికి, ఆ ఓపికకు ఎంత ఇచ్చినా ఎక్కువ కాదు. మామూలు బండికి పెద్ద ధర తగునా అంటే, నిలబెట్టిన చెమట మేరకు తగును అంటాను. రేపు ఇంకా పెరుగుతుందని గుడ్డ కప్పి దాచిపెట్టే ధర మాత్రం బండిది కాదు, తృష్ణది. దానికి అంతు లేదు.

ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలుసుకోవాలంటే మిమ్మల్ని మీరే ఒక మాట అడగండి: రేపటి నుంచి ఈ వస్తువును లోకంలో ఇంకెవరూ కోరరు అని తెలిస్తే, అప్పుడు కూడా దీన్ని తుడుచుకుంటూ ఉంచుకుంటానా? ఉంచుకుంటాను అంటే అది ప్రేమ. లేదంటే మీరు కొన్నది కారు కాదు, పక్కవాడి ఆశ. కారే కానక్కర్లేదు. స్థలమైనా, బంగారమైనా, గోడ మీది బొమ్మైనా ఇదే పరీక్ష.

ఆ మారుతి మూడు వారాలు షెడ్డులో ఉండి బాగయింది. తీసుకెళ్ళే రోజు ఆయన మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వీధంతా ఒక చుట్టు తిప్పాడు. బాగానే అనిపించింది. ఆ తర్వాత కూలి దగ్గర మాత్రం వంద రూపాయలు తగ్గించమని బేరమాడాడు.