మఱచిన వారియెడ మన ఋణము

మతిమఱపును నవ్వులాటగా గైకొనుట లోకమున కలవాటు. ముసలితనమును చాదస్తమును జంటపదములుగా వాడుదుము. తాళపుచెవి యెచ్చట బెట్టెనో యెఱుగని వృద్ధుని జూచి పిల్లలు నవ్వుదురు, పెద్దలును నవ్వుదురు. కాని యా వృద్ధుడే యొకనాడు కన్నకొడుకును జూచి "నువ్వెవ్వరు బిడ్డా?" యని యడిగినపుడు ఆ నవ్వు నిలిచిపోవును. అప్పుడు కొడుకు మనస్సున నొక ప్రశ్న పుట్టును. దానిని పైకి జెప్ప సిగ్గుపడును గాని లోలోపల దానిచే బాధపడుచునే యుండును: "నన్నెఱుగని యీ తండ్రికి నేనింకను కొడుకునేనా? జ్ఞాపకముండని సేవ చేసి ఫలమేమి?" ఈ ప్రశ్న సిగ్గుపడదగినది కాదు; విమర్శింపదగినది.

ముందు వ్యాధిస్వరూపము నెఱుగవలెను. 1901లో జర్మనీదేశపు ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఆగుస్తె యను 51 ఏండ్ల స్త్రీని అలోయిస్ ఆల్జైమర్ అను వైద్యుడు పరీక్షించెను. ఆమె తన పేరు వ్రాయబోయి నడుమ మఱచెడిది. 1906లో ఆమె మరణించిన పిమ్మట ఆయన యామె మెదడును సూక్ష్మదర్శినితో శోధించి, నాడీకణముల నడుమ పేరుకొనిన మచ్చలను, కణములలోపల చిక్కుపడిన పోగులను గనుగొని, ఆ యేటనే ట్యూబింగెన్ నగరమున జరిగిన వైద్యసభలో వివరించెను. తరువాత ఆ వ్యాధికి ఆయన పేరే నిలిచినది.

కణతల లోపలి వైపున హిప్పోక్యాంపస్ అను చిన్న భాగము కలదు. నేటి యనుభవమును రేపటి జ్ఞాపకముగా మార్చుటలో దానిది ముఖ్యమైన పని. ఈ వ్యాధి సాధారణముగా ఆ చుట్టుపట్లనే మొదలిడును. కావుననే క్రొత్త జ్ఞాపకములు ముందు పోవును. పాతవి చాలకాలము నిలుచును. పొద్దున సద్ది తిన్నసంగతి మఱచిన ముసలమ్మ చిన్ననాటి బతుకమ్మ పాటను మొదలునుండి తుదివఱకు పాడగలదు. అది చూచి యింటివారు "ఇదంతయు నటన, తనకు గావలసినవి మాత్రము మఱవదు" అందురు. నటన కాదు, వ్యాధి నడచు వరుస యది. మతిమఱపంతయు నీ వ్యాధియే కాదనియు గ్రహింపవలెను. థైరాయిడ్ లోపమువలనను, బీ12 విటమిను కొఱతవలనను, తీవ్రమైన దిగులువలనను మతి మందగించుట కలదు. వీనికి చికిత్స యున్నది. వయస్సున కంటగట్టి యూరకుండుట వైద్యముతో బాగుపడగలవారికి ద్రోహము చేయుటయే.

పెద్దవాని మెదడు కాలిన కుండవంటిదనియు, దాని రూపు మఱి మారదనియు పూర్వులు తలచిరి. అది కుండ కాదు. పెంబర్తి పనివాని చేతిలోని యిత్తడిరేకు వంటిది. అభ్యాసమనెడి సుత్తి పడినకొలది దానియందు క్రొత్త రేఖలు దేరుచుండును. లండను నగరపు వీథులన్నియు గంఠస్థము చేసిన టాక్సీ తోలువారి హిప్పోక్యాంపస్ వెనుకటి భాగము ఇతరులకన్న పెద్దదై యున్నదని 2000లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

మనకు మఱింత దగ్గఱిది హైదరాబాదు పరిశోధన. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడియు, ఆమె సహచరులును మతిభ్రంశ రోగులు 648 మంది వృత్తాంతములను పరిశీలించి 2013లో ఫలితములను ప్రకటించిరి. వారిలో 391 మంది రెండుగాని యంతకెక్కువగాని భాషలు మాటలాడువారు. ఏకభాషులకన్న వారికి వ్యాధిలక్షణములు సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా గనబడినవి. అక్షరము రానివారియందును ఈ భేద మగపడెను. 2016లో పక్షవాత రోగులు 608 మందిని గూర్చి అదే బృందము ప్రకటించిన ఫలితములలో, బహుభాషులలో నూటికి 40.5 మందికి బుద్ధిశక్తి చెడకుండ నిలువగా, ఏకభాషులలో 19.6 మందికి మాత్రమే నిలిచెను. ఇది సంబంధమును చూపునే గాని భాషయే మందని చెప్పదు. వ్యాధి రాకను జాగుచేయుట యనగా నాపుట కాదు. అయినను దీనిలో మనకొక బుద్ధి కలదు. మహబూబాబాదు తండాలోని లంబాడీ స్త్రీ యింట తన మాటను, అంగడిలో తెలుగును వాడును. భూపాలపల్లి యడవిపల్లెలలోని కోయవారును, జనగామలోని ఉర్దూ నెఱిగిన ముదుసళ్లును అట్టివారే. వీరిలో ననేకులను మనము చదువు లేనివారని తీసివేయుదుము. వారు జీవితమంతయు జేసిన యభ్యాసమును మన బడులు లెక్కింపకపోగా, తండామాట యాడిన పిల్లను తోడిపిల్లలు వెక్కిరించుచుండ జూచి యూరకుండుట కూడ గలదు.

అయితే యీ శాస్త్రమునుండియే యొక క్రొత్త యన్యాయము పుట్టవచ్చును. పూర్వము రోగిని జూచి "కర్మఫల" మనిరి. నేడు "మెదడునకు పనిచెప్పక పోయె, అనుభవించుచున్నాడు" అనువారు బయలుదేరుచున్నారు. గొప్ప పండితులకును ఈ వ్యాధి వచ్చుచున్నది. అభ్యాసము కొంత రక్ష. అది లేకుండుట నేరము కాదు.

ఇక మన ప్రశ్న. ఆంగ్లతత్త్వవేత్త జాన్ లాక్ 1694లో, ఒకని స్మృతి వెనుకకెంతవఱకు సాగునో యా వ్యక్తి యంతవఱకే యని యర్థము వచ్చునట్లు వ్రాసెను. మన నైయాయికులు స్మృతిని హేతువుగా గొని, దాని కాధారమైన ఆత్మ స్థిరమని వాదించిరి. మొదటివాదమున స్మృతి పోయిన తండ్రి తండ్రియే కాడు. రెండవదానిలో స్మృతి పోయినను ఆత్మ యుండును. ఈ వివాదము తేలువఱకు ముసలివాని కన్నము పెట్టుట నాపవలెనా? అక్కఱలేదు. ధర్మనిర్ణయమునకు లోకానుభవము చాలును. ధనికుని ఖాతాపుస్తకము కాలిపోయినచో నిజాయితీగల బాకీదారు తన బాకీ తీఱినదనునా? దుష్యంతుడు శకుంతలను మఱచినంత మాత్రమున వారి పెండ్లి లేదనిన పాఠకు డెవడు? ఋణము పుట్టుట జ్ఞాపకముచేత గాదు, చేసిన పనిచేత. కావున నది జ్ఞాపకముతో జావదు.

"ఋణమున్నను, ఆయనకు దెలియని సేవ వ్యర్థము కాదా?" యందురేమో. తెలియదనుటయే పొరపాటు. జెనీవా వైద్యుడు క్లాపరేడ్ 1911లో నొక రోగిని గూర్చి వ్రాసెను. ఆయన చేత సూది దాచి యామెతో చేయి కలిపెను. కొన్ని నిమిషములకే యామెకు ఆ సంగతి జ్ఞాపకము లేదు గాని, ఆయన చేయి చాపగా తన చేయి వెనుకకు దీసికొనెను. సంగతి పోయినది, నొప్పి నేర్పిన పాఠము నిలిచినది. గద్దించినమాట ముసలమ్మ మఱచును, గద్దించిన గొంతువలన గలిగిన భయము మఱవకపోవచ్చును. ప్రేమయు నట్లే.

అన్నిటికన్న బలమైన సమాధాన మింకొకటి కలదు. పుట్టినది మొదలు రెండు మూడేండ్లవఱకు మన తల్లి మనకు జేసిన సేవలో మన కొక్కటియు జ్ఞాపకము లేదు. ఉండదని యామెయు నెఱుగును. అయినను రాత్రులు మేల్కొన్నది. జ్ఞాపకముండని సేవ వ్యర్థమని తల్లులు తలచియుండినచో నీ ప్రశ్న నడుగుటకు మనలో నొక్కరును బ్రతికి యుండము.

కాని యీ ఋణమును తీర్చుచున్న దెవరు? పుణ్యము కొడుకుది, శ్రమ కోడలిది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణచట్టము పోషణభారమును కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు వీరిపై మోపెను, కోడలి పేరెత్తలేదు. ఆచారము మాత్ర మామె నొక్కతెనే పట్టుకొనినది. తండ్రికి స్నానము చేయించుట తన చేతులకు దగదని తలచు కొడుకు ఋణము తీర్చుట లేదు. దానిని వేఱొకరి పేర వ్రాయుచున్నాడు. మఱియొక పాపము వేలిముద్ర. ఏమి వ్రాయించుచున్నారో యెఱుగని ముసలిచేతిని సిరాలో ముంచి పొలము వ్రాయించుకొను బంధువులు కలరు. తన మేలు కీళ్లు గ్రహింపలేని స్థితిలోనున్నవాడు ఒడంబడిక చేయజాలడని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది.

చదువుకొన్న కుటుంబముల వారు మొదట చేయదగినవి రెండు కలవు. మతిమఱపును నవ్వక వైద్యునికి జూపుట. సేవను స్త్రీపురుషులు పంచుకొనుట. తండ్రి మనలను గుర్తుపట్టకపోవచ్చును. ఆయన యెవరో మనకు దెలియును. ఇద్దఱిలో నొకరికి జ్ఞాపకమున్నంతవఱకు ఆ బంధుత్వము నిలుచును. ఆ యొకరము మనమే.