స్రష్ట ఋణము

దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు బాకీలను నెత్తిన పెట్టుకొనియే మనుష్యుడు పుట్టుచున్నాడని మనకు వేదకాలమునుండి వినవచ్చుచున్నది. యజ్ఞముచే నొకటియు, అధ్యయనముచే నొకటియు, సంతానముచే నొకటియు తీర్చుకొనవలెనని పెద్దలు విధించినారు. పుట్టినవాడు చెల్లింపవలసిన పద్దు ఇంత స్పష్టముగా వ్రాసిపెట్టిన యా ఖాతాలో, పుట్టించినవాడు పుట్టినవానికి ఏమి చెల్లింపవలెనను పద్దు మాత్రము ఎంత వెదకినను కానరాదు. సంకోచములేక, దేవుడని జంకక, ఆ పద్దును ఎత్తి చూపిన గ్రంథములు నాకు దొరకినది, పండితులు పిల్లకాయల కాలక్షేపమని ప్రక్కకు నెట్టు వైజ్ఞానిక నవలలలో.

మన వేదాంతులకు ఈ ప్రశ్న బొత్తిగా తట్టలేదనుట అన్యాయమగును. బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయమున, మొదటి పాదములో, ఈశ్వరునిపై రెండు నేరములు మోపబడినవి. ఒకనిని సుఖులలో సుఖిగాను, మఱియొకనిని దుఃఖులలో దుఃఖిగాను పుట్టించుట వైషమ్యము. పుట్టించినవారిని బాధించి తుదకు సంహరించుట నైర్ఘృణ్యము, అనగా దయమాలినతనము. శంకర భగవత్పాదులు ఈ అభియోగమును కప్పిపుచ్చక పూర్వపక్షముగా నిలిపి, ఈశ్వరుడు వానవంటివాడని సమాధానము చెప్పినారు. వాన వరికిని యవలకును సమానముగానే కురియును. ఒకటి వరియై, ఒకటి యవయై మొలచుట ఆయా విత్తనముల శక్తి. అట్లే ప్రాణుల హెచ్చుతగ్గులకు వారి వారి పూర్వకర్మయే కారణము. మొట్టమొదటి జన్మకు పూర్వకర్మ యెక్కడిదయ్యా యని యడిగినచో, సంసారము అనాది, మొట్టమొదటి జన్మ యనునదియే లేదు అని తరువాతి సూత్రము నోరు మూయించును. ఈ జవాబునకు గల బలమంతయు ఆ అనాదిత్వమునందే యున్నది. ఎచ్చటనైనను ఒక్క జీవికి మొదటి దినము కలదని తేలెనా, ఆ కట్టడమంతయు పునాదితో కదలును. వైజ్ఞానిక నవలాకారుడు పట్టుకొనునది సరిగా ఆ పునాదిరాయినే. మొదటి దినము గల జీవిని కల్పించి, ఆతనిని చేసిన చేతుల యెదుటనే నిలువబెట్టి, ఇక మాటలాడుడని తాను తప్పుకొనును.

1815లో సుంబావా ద్వీపమందలి తంబోరా అగ్నిపర్వతము ప్రేలి యెగజిమ్మిన ధూళి మూలమున, మఱుసటి యేడు ఐరోపాకు వేసవియే రాలేదు. ఆ చలిలో, ఆ వానలలో, జెనీవా సరస్సు తీరమున ఒక భవనమందు చిక్కుపడిన మిత్రులను, తలకొక దయ్యపుకథ వ్రాయుడని కవి బైరన్ పురికొల్పెను. ఆ మిత్రులలో పదునెనిమిదేండ్ల మేరీ ఒకతె; తరువాత మేరీ షెల్లీయని లోకమెఱిగినది ఈమెనే. తాను పుట్టిన కొలది దినములకే తల్లి మరణించినది. ముందటియేడే, నెలలు నిండకుండ పుట్టిన తన తొలిబిడ్డ మరణించినది. పుట్టుటయనగానేమో, పుట్టించుటయనగానేమో ఆమె తర్కశాస్త్రము వలన తెలిసికొనవలసిన పనిలేదు. ఆమె వ్రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818 జనవరిలో రచయిత్రి పేరు లేకుండ వెలువడినది.

చలనచిత్రముల మూలమున ఈ కథ యెంత ప్రసిద్ధమైనదో అంతగా చెడిపోయినది కూడ. మెడకు మేకులు దిగగొట్టిన మూగభూతమును చూచినవారు నవలను చదివినచో దిగ్భ్రమ చెందుదురు. ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయములో చదువుకొను విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ శ్మశానగృహములనుండియు, శవచ్ఛేదన శాలలనుండియు, కబేళాలనుండియు అవయవములు తెచ్చి, రేయింబవళ్లు శ్రమించి, ఒక నవంబరు రాత్రి వానికి ప్రాణము పోయును. పచ్చని కన్నొకటి తెఱచుకొనును. అంతవఱకు అందముగా గూర్చితినని మురిసిన తనకే ఆ రూపము చూడ రోత పుట్టి, విక్టర్ పడకగదిలోనికి పరుగెత్తి పండుకొనును. కొంతసేపటికి కన్ను విప్పి చూచునప్పటికి, ఆ ప్రాణి పడకతెర యెత్తి పట్టుకొని, ఏదో గొణుగుచు, నవ్వబోయి, చేయి చాచుచుండును. పుట్టిన గంటలలోనే బిడ్డ చేయి చాచినది. తండ్రి మెట్లుదిగి పాఱిపోయి, తెల్లవాఱువఱకు ముంగిట పచార్లు చేసినాడు. వానికి పేరు సైతము పెట్టినవాడు కాడు.

ఆ పిమ్మట ఆ ప్రాణి యేమి చేసెనో మేరీ ఎంతో ఓపికతో చెప్పినది. నవలకు గుండెకాయ ఆ భాగమే. అడవియంచున ఒక బీదకుటుంబపు గుడిసె ప్రక్క కొట్టములో దాగి, గోడ సందునుండి వారి మాటలు విని భాష నేర్చుకొనును. వారి పేదఱికము కంటబడగానే, వారి వంటకముల నుండి తాను దొంగిలించుకొనుట మానివేయును. రాత్రివేళ వారికై కట్టెలు కొట్టి వాకిట పేర్చును. దారిని కప్పిన మంచును తొలగించును. మిల్టన్ కావ్యమును చదివి, అందలి ఆదాముతో తన్ను పోల్చుకొని, ఆదామునకైన చేసినవాడు దగ్గరనుండి మాటలాడినాడు గదా యని కుములును. ఆ యింటి గ్రుడ్డి ముసలివాడొక్కడే వానిని మనిషిగా నెంచి కూర్చుండబెట్టును. కన్నులున్నవారు రాగానే కఱ్ఱతో బాదుదురు. హత్యలు ఆ తరువాతివి.

ఆల్ప్స్ పర్వతముల హిమానదిపై స్రష్టయు సృష్టియు ఎదురుపడు ఘట్టమునకు సాటివచ్చు ఈశ్వర-జీవ సంవాదము నాకు వేఱొక నవలలో కనబడలేదు. ఆ ప్రాణి యడుగునది మోక్షము కాదు, క్షమ కాదు, ఒక బాధ్యత. నీవు నాకు చేయవలసినది చేయుము, నేను నీకు చేయవలసినది చేసెదనని వాని వాదము. అది వినినపుడు విక్టరునకు, చేసినవానికి చేయబడినవానియెడ విధులుండునను సంగతి మొట్టమొదటిసారి మనసునకు తట్టును. మొట్టమొదటిసారి! ప్రాణము పోసి ఇంచుమించు రెండేండ్లు గడచిన పిమ్మట!

ఇచ్చట మన శాస్త్రి యొకడు లేచి, ఆ ప్రాణికిని పూర్వకర్మ యుండవచ్చునని యనవచ్చును. ఆ చేతులు, ఆ కాళ్లు ఎవరివో చచ్చినవారివే గదా, వారి కర్మ వానికి సంక్రమించినదనుట మాత్రము చెల్లదు. కర్మ సూక్ష్మశరీరమును అంటి పోవునే గాని కాలుసేతులను పట్టుకొని వ్రేలాడదు. కాని, విక్టర్ కుట్టిన దేహమునందు పూర్వకర్మ గల జీవుడెవడో వచ్చి ప్రవేశించెనని వాదించినచో నేను కాదనజాలను; మాతాపితలు కూడ దేహమునే యిచ్చుచున్నారు, జీవుని గాదు. సరియే. ఆ బిడ్డ ఆ యింటనే యేల పుట్టెనను ప్రశ్నకు కర్మ జవాబు చెప్పినది. పుట్టిన బిడ్డను ముంగిట వదలి పాఱిపోయిన యింటివాడు మాత్రము దానిచే నిర్దోషి కాలేదు. కర్మసిద్ధాంతము అనుభవించువానికి ఓదార్పుగా పుట్టినది. దానిని కలుగజేసినవాడు తన రక్షాకవచముగా తొడుగుకొనుట, ఆ సిద్ధాంతమునకు జరుగు అపచారములలోకెల్ల పెద్దది. నాలుగు తరములుగా మన గ్రామములలో కూలివానికి కర్మబోధ చేసినది కామందే యను సంగతి ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చిన, అది నా దోషము గాదు. విక్టరును మరణశయ్యమీద తన నడవడినంతయు తరచి చూచుకొని, అందు నిందింపదగినది లేదని తేల్చుకొనును. శవము ప్రక్క నిలిచి యేడ్చినది ఆ ప్రాణి.

మేరీ మనుష్యుని స్రష్టను జేసినది. ఓలాఫ్ స్టేపిల్డన్ తిన్నగా స్రష్టయొద్దకే ప్రయాణము గట్టెను. ఈతడు తత్త్వశాస్త్రమున పట్టభద్రుడు. మొదటి ప్రపంచయుద్ధములో తుపాకి పట్టనొల్లక క్షతగాత్రుల బండి నడపినవాడు. 1937లో ఈతడు ప్రకటించిన 'స్టార్ మేకర్' అను గ్రంథమును నవల యనుటకే కొందఱు సందేహింతురు. అందు పాత్రలు, సంభాషణలు ఇంచుమించు లేవు. ఒక రాత్రి ఇంటిదగ్గరి గుట్టపై కూర్చున్న మనుష్యుని చైతన్యము దేహమును వీడి, నక్షత్రములు దాటి, లోకలోకముల మనసులతో కలిసి, తుదకు ఆ తారాస్రష్టను దర్శించును. అతడు సృష్టి వెంట సృష్టి చేయుచు, ఒక్కొక్క దానివలన పనితనము నేర్చుకొను శిల్పి. ఒక విశ్వములో దేశమే లేదు, నాదము మాత్రమే కలదు. ప్రాణులు రాగములై బ్రదుకును. మఱియొక విశ్వములో ఒక ప్రాణికి పెక్కు దారులు కనబడినపుడు అన్ని దారులను ఒక్కమారే నడచును. కాలము కొమ్మలు కొమ్మలుగా చీలిపోవును. మన విశ్వము ఆ వరుసలో నొకటి. దీనిని పరిశీలించు స్రష్ట చూపులో ప్రేమ లేదు. పని యెంతవఱకు కుదిరినదో చూచు నేర్పరి చూపు మాత్రమే కలదు.

ఇది మన లీలావాదమే గదా యని త్వరపడరాదు. సూత్రకారుడు చెప్పిన లీల, ఏ కొఱతయు లేనివాని సహజ విహారము. అతడు పొందవలసినది లేదు, నేర్వవలసినది లేదు. స్టేపిల్డన్ స్రష్టకు కొఱత కలదు, నేర్వవలసినది కలదు. ఆ నేర్పునకు మన దుఃఖము ముడిసరకు. ఇంత యెఱిగియు యాత్రికుడు ఆతనికి సాగిలపడి మ్రొక్కును. క్రైస్తవ రచయిత సి. ఎస్. లూయిస్ దీనిని పిశాచోపాసనగా భావించెను. నేనంత దూరము పోను గాని, కల్పనాశక్తిలో దీనిని మించిన గ్రంథము లేదని యొప్పుకొనుచునే, ఆ మ్రొక్కులో నొక లొంగుబాటును చూచుచున్నాను. హిమానదిపై నిలిచి, నాకు చేయవలసినది చేయుమన్న ఆ పేరులేని ప్రాణి యీ యాత్రికునికంటె ధీరుడు.

పోలెండు రచయిత స్టానిస్లావ్ లెమ్ 1961లో వ్రాసిన 'సొలారిస్' ఈ విచారణను వేఱొక మలుపు త్రిప్పినది. రెండు సూర్యుల నడుమ తిరుగు ఒక గ్రహమును నిండ కప్పిన సముద్రము; ఆ సముద్రమే ఒక జీవి. తరతరముల శాస్త్రజ్ఞులు దానిపై గ్రంథాలయములు నిండునంత వ్రాసిరి గాని, ఒక్క మాట దానితో మాటలాడలేకపోయిరి. పరిశోధకులు దానిపై ఎక్స్-కిరణములను ప్రసరింపజేసిన పిమ్మట, అది వారి మనస్సుల అడుగున పడియున్న జ్ఞాపకములను తీసి, ప్రాణమున్న మనుష్యులనుగా చేసి వారి గదులకు పంపసాగినది. మనశ్శాస్త్రజ్ఞుడైన కెల్విన్ మేల్కొనునప్పటికి, పదియేండ్లక్రింద తన పరుషవచనముల వలన ఆత్మహత్య చేసికొన్న ప్రియురాలు హారీ యెదుట కూర్చుండియున్నది. ఆమె గౌనుకు గుండీల వరుస కలదు గాని, విప్పుటకు సందు లేదు, కోసి తీయవలసివచ్చినది. ప్రియురాలి గౌను కెల్విన్ జ్ఞాపకమునందు నిలిచినది, అది యెట్లు తెఱచుకొనునో నిలువలేదు. ఆమె చేతిపై సూదిగ్రుచ్చిన చిన్నమచ్చ కలదు. ఏ సూదిమందుతో ఆ పూర్వపు హారీ చనిపోయినదో, ఆ సూదిమచ్చ నిన్న పుట్టిన యీ హారీ చేతిపై నున్నది.

చేయని కర్మకు ఫలము వచ్చిపడుటను మన దార్శనికులు అకృతాభ్యాగమమనిరి. ఏ సిద్ధాంతమునందైనను అది తేలినచో ఆ సిద్ధాంతము తప్పనిరి. తర్కమున వారు మూసివేసిన ఆ తలుపును లెమ్ తెఱచి, లోపల నొక యువతిని చూపినాడు. హారీ పరుల సంస్కారములతో పుట్టినది, పరుల మరణపు గుర్తును మోయుచున్నది, పరుల అపరాధమునకు శిక్షగా జీవించుచున్నది. తాను ఎవరో కనుగొన్న పిమ్మట ద్రవరూప ప్రాణవాయువును త్రాగి చావజూచి, అదియు సాధ్యము గాక బ్రదికి, తుదకు కెల్విన్ మేలుకోరి తన్ను రూపుమాపుమని తానే శాస్త్రజ్ఞుల నర్థించును. ఆమెను చేసిన సముద్రమునకు తానేమి చేసినదో తెలియదు; ఆమె ఎవని జ్ఞాపకమునుండి పుట్టెనో వాడు, ఆమె మొదటిసారి వచ్చినపుడు భయపడి రాకెట్టులో బంధించి శూన్యమునకు పంపినవాడు. ధర్మము తెలిసినది ఆ మువ్వురిలో చేయబడినదానికే. నవల చివర కెల్విన్, తన సృష్టిని తానే అదుపు చేయజాలని అసంపూర్ణుడైన దేవుని గుఱించి సహచరునితో చర్చించును. ఆ చర్చ గొప్పదే గాని, హారీ పోయిన తరువాత దేవుని పసితనమును గుఱించి తర్కించు మగవారిని చూచినపుడు నాకు కొంత చిరాకు కలుగునని దాచనేల?

లెమ్ ఈ విషయమునే మఱొక కథలో నవ్వించుచు చెప్పినాడు. ట్రుర్ల్ అను యంత్రశిల్పి, పదవి పోగొట్టుకొన్న ఒక క్రూరప్రభువునకు ఆటవస్తువుగా, పెట్టెలో పట్టు చిన్నరాజ్యమును చేసి యిచ్చును. అందలి ప్రజలు బొమ్మలే గదా యని ధైర్యము. బాధపడునట్లు చేసినవాడవు, బాధ నిజము గాదనుట యెట్లని స్నేహితుడు నిలదీయగా, ట్రుర్ల్ ఆ రాజ్యమును తిరిగి తీసికొనుటకు పరుగెత్తును. ఈ కథ గల సంపుటి 1965 నాటిది. మాటలాడు యంత్రములను చేయుటకు నేడు పోటీపడువారు దీనిని చదివిరో లేదో.

'ఫ్రాంకెన్‌స్టైన్' చదువదలచినవారికి ఒక మాట. 1831లో మేరీ తన నవలను దిద్ది మరల ప్రకటించినది. అప్పటికి భర్త సముద్రములో మునిగిపోయినాడు. ఒక్క కుమారుడు తక్క బిడ్డలందఱును పోయినారు. ఆ ప్రతియందు విక్టర్ మాటిమాటికి విధిని తలచును. అంతయు ముందే నిర్ణయమైనట్లు, తాను నిమిత్తమాత్రుడైనట్లు మాటలాడును. అన్ని చావులు చూచిన తల్లి విధిని ఆశ్రయించినదని ఆమెను తప్పుపట్టజాలము గాని, ఆ దిద్దుబాటు విక్టరునకు దక్కరాని మినహాయింపును దక్కించినది. అంగళ్లలో నెక్కువగా దొరకునది ఆ ప్రతియే. 1818 నాటి పాఠము కూడ అచ్చులో నున్నది. పాఠకులు అడిగి దానినే కొనవలెనని నా మనవి.