ఊరి చరిత్రకు ఆప్తులెవరు?

ప్రాథమిక పాఠశాల పిల్లలు కలిసికట్టుగా తమ ఊరి చరిత్రను సేకరించే పని సాధారణంగా బోధనాపద్ధతులకు సంబంధించిన విషయంగానే చర్చకు వస్తుంది గాని, దాని అడుగున భారతీయ తత్త్వశాస్త్రం శతాబ్దాల పాటు తర్కించిన ప్రశ్న ఒకటి ఉన్నది. తాను చూడని గతాన్ని మనిషి ఇంకొకరి మాట మీద తెలుసుకున్నప్పుడు దానిని జ్ఞానం అనవచ్చునా, అనదగితే ఎవరి మాటను నమ్మాలి అన్నదే ఆ ప్రశ్న. పరిసరాల విజ్ఞానం పాఠాలు ఊరి పెద్దలను అడిగి తెలుసుకొమ్మని పిల్లలకు చెబుతాయి. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులూ ఉన్నాయి. కాని ఆ పెద్దలెవరు, వారు చెప్పినదానిని ఎంతవరకు గ్రహించాలి అన్న చోటికి వచ్చేసరికి బోధనాపద్ధతి ఒక్కటే చాలదు, ప్రమాణశాస్త్రం కావాలి.

ప్రమాణమంటే యథార్థజ్ఞానానికి సాధనం. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగింటినే ప్రమాణాలుగా అంగీకరించింది. వీటిలో శబ్దమంటే ఆప్తుని మాట, అనగా నమ్మదగినవాడు చెప్పినది. పౌరాణికులు వీటితో పాటు ఐతిహ్యాన్ని కూడా వేరొక ప్రమాణంగా లెక్కించారు. మొదట ఎవరు చెప్పారో తెలియకుండానే తరతరాలుగా నోటి నుంచి నోటికి వస్తున్న మాట ఐతిహ్యం. ఈ మర్రిచెట్టు మీద యక్షుడున్నాడన్న ఊరివారి మాటను తర్కగ్రంథాలు దానికి ఉదాహరణగా చూపుతాయి. న్యాయసూత్రాల రెండవ అధ్యాయం ఈ వాదాన్ని ఎత్తుకొని, ఐతిహ్యం శబ్దంలోనే ఇమిడిపోతుంది గనుక దానిని విడిగా లెక్కించనక్కరలేదని తేల్చింది. అంటే పరంపరగా వచ్చిన మాటను నైయాయికులు అబద్ధమని కొట్టివేయలేదు. అది కూడా ఎవరో ఒకరు అన్న మాటే గనుక, అన్నవారిని బట్టి దాని విలువను తేల్చుకొమ్మన్నారు. బడిపిల్లల నోటుపుస్తకం నిండేది చాలావరకు ఈ మర్రిచెట్టు యక్షుని వంటి మాటలతోనే కాబట్టి, ఈ విచారణ వారికి దూరమైనది కాదు.

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిని ఈ దృష్టితో చూడవచ్చు. గుడిని చెక్కిన శిల్పి పేరు రామప్ప అనీ, ఆ పని నలభై ఏళ్లు సాగిందనీ, శిల్పి పేరే గుడికి నిలిచిందనీ జనం చెప్పుకుంటారు. గుడి ఆవరణలోని శాసనస్తంభం మాత్రం కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో అక్కడ రుద్రేశ్వరుని ప్రతిష్ఠించిన సంగతిని సంస్కృతంలో చెబుతుంది; అందులో రామప్ప ప్రస్తావన లేదు. ఇక విమానానికి వాడిన ఇటుకలు నీటి మీద తేలేంత తేలికైనవన్న మాట పరీక్షించి చూడగలిగినది, అంటే ప్రత్యక్షానికి అందేది. ఈ మూడు మాటలనూ ఒకే చార్టు మీద ఒకే రంగు సిరాతో రాయించే ఉపాధ్యాయుడు పిల్లలకు సమాచారం అందించగలడు గాని, ఏ మాట ఏ దారిన తెలిసిందో గుర్తించే వివేకాన్ని ఇవ్వలేడు. అలాగని శాసనం నిజమనీ జనశ్రుతి కట్టుకథ అనీ విడదీసి చెబితే సరిపోతుందనుకోవడమూ తొందరపాటే. శాసనం కూడా శబ్దమే. చెప్పించినవాడెవరో, ఎప్పుడు చెప్పించాడో తెలియడం దానికున్న గొప్ప బలం. అయినా అది దాత తన వంశాన్నీ తన దానాన్నీ కీర్తించుకున్న మాట. ఆ రాతిలో దాత పేరు నిలిచింది, పనివాని పేరు జనం నోట నిలిచింది. దీనివల్ల రామప్ప చారిత్రక వ్యక్తి అని రుజువు కాదు. కాని గుడి కట్టించినవానితో పాటు గుడి చెక్కినవానినీ తలచుకోవాలని ఒక ప్రాంతపు ప్రజలు అనుకున్నారన్నది మాత్రం చరిత్రే, అదీ నోటుపుస్తకంలో చేరవలసినదే.

స్థలపురాణాన్ని ప్రశ్నించడం భక్తికి భంగమని కొందరు పెద్దలు శంకించవచ్చు. ఆ శంకకు సమాధానం వారింట జరిగే పూజలోనే ఉన్నది. ఏ వ్రతానికైనా ముందు చెప్పుకునే సంకల్పంలో కర్త తాను శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ, ఏ సంవత్సరంలో, ఏ మాసంలో, ఏ తిథినాడు ఉన్నాడో పేర్కొన్న తరువాతనే దేవుని ముందు తన కోరిక ఉంచుతాడు. తానున్న చోటును, కాలాన్ని ఖచ్చితంగా ఎరిగి ఉండటం ఆరాధనలో భాగమైనప్పుడు, గుడి కట్టిన సంవత్సరాన్ని పదేళ్ల పిల్ల శాసనంలో వెదకడం అపచారమెలా అవుతుంది?

పసివాళ్లకు సందేహించడం నేర్పితే పెద్దల మీద గౌరవం పోతుందన్న భయం మరొకటి. దర్శనాలలోనే దీనికి రెండు దారులున్నాయి. మీమాంసకులు జ్ఞానం స్వతఃప్రామాణ్యం గలదంటారు, అనగా కలిగిన జ్ఞానం, దానిని తప్పని తేల్చేది ఎదురయ్యేదాకా, ప్రమాణమే. నైయాయికులు పరతఃప్రామాణ్యం అంటారు, అనగా దాని యథార్థత మరొక ఆధారంతో నిర్ధారణ కావాలి. పిల్లల విషయంలో మొదటి దారిన బయలుదేరి రెండవ దారికి చేరడమే సరియైన క్రమమని తోస్తుంది. అవ్వ చెప్పినదానిని నమ్మి రాసుకున్న పిల్లవాడికి, మరో ఇంటి తాత వేరొక విధంగా చెప్పిన నాడు, ఎవరూ నేర్పకుండానే సందేహం పుడుతుంది. అందరూ కలిసి చేసే ప్రాజెక్టు వల్ల నిజమైన లాభం ఇదే. ఒక్కడే చేస్తే ఎదురుమాట వినపడదు.

అన్నిటికంటె విలువైన మాట న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలో ఉన్నది. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు తెలియజేయాలన్న కోరికతో చెప్పేవాడు ఆప్తుడని నిర్వచించి, ఈ లక్షణం ఋషికి, ఆర్యునికి, మ్లేచ్ఛునికి సమానమేనని ఆయన స్పష్టంగా చెప్పాడు. ఇన్ని శతాబ్దాల తరువాత కూడా మన బడులు ఈ మాటను పూర్తిగా జీర్ణించుకోలేదు. ఊరి చరిత్ర అనగానే పిల్లలను పటేలు ఇంటికో, గుడి పూజారి దగ్గరికో పంపడం అలవాటు. వాత్స్యాయనుని నిర్వచనం ప్రకారం చెరువు విషయంలో ఆప్తుడు నీరటి, అంటే తూము తెరిచి పొలాలకు నీరు పంచే మనిషి. ఏ తూము కింద ఎంత ఆయకట్టు పారుతుందో, ఏ చోట కట్ట బలహీనమో అతనికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు. చెరువు నిండి మత్తడి దుంకిన ఏడు తన పెద్దకొడుకు పుట్టాడని అతడు చెబితే, ఆ కొడుకు వయసు అడిగి సంవత్సరాన్ని లెక్కకట్టే పిల్ల అనుమానప్రమాణాన్ని, అంటే తెలిసినదాని నుంచి తెలియనిదానిని తేల్చే పద్ధతిని, పేరు తెలియకుండానే ప్రయోగిస్తున్నది. కాన్పుల విషయంలో మంత్రసాని ఆప్తురాలు. పద్మశాలీల కులపురాణం చెప్పడం కూనపులివారికి, మాదిగల కులపురాణం చెప్పడం డక్కలివారికి వంశపారంపర్యమైన విద్య. ఆ పురాణాలు జరిగినదానికి కాకపోయినా, ఆ జనం తమను తాము ఏమని భావించుకున్నారన్నదానికి సాక్ష్యాలే.

తెలుగునాట ఇటువంటి సేకరణ కొత్తదేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి సహాయకులూ సేకరించిన గ్రామ కైఫియత్తులలో, అంటే ఊళ్ల వృత్తాంతాలలో, కృతయుగపు కథ, రాజుల దానాలు, కరణాల గ్రామ దస్త్రాలైన దండకవిలెల లెక్కలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆధునిక చరిత్రకారుడు వాటిని విడదీసి చదువుకుంటాడు, విడదీయడం అవసరం కూడా. కాని చెప్పినవారికి ఊరంటే ఈ మూడూ కలిసినదే. అయితే ఆ సమాచారంలో అధికభాగం కరణాల, గుడుల దస్త్రాల నుంచి వచ్చినది కావడంతో ఊరి బయటి వాడల గొంతు అందులో వినిపించడం అరుదు.

ఆ లోటును పూడ్చే అవకాశం బడిపిల్లలకు ఉన్నది, ఎందుకంటే అన్ని వాడల బిడ్డలూ ఒకే గదిలో కూర్చునే చోటు ఊళ్లో బహుశా బడి ఒక్కటే. వారి ఉమ్మడి పుస్తకంలో ప్రతి మాట పక్కన చెప్పినవారికి అది ఎలా తెలిసిందో, చూసి చెప్పారో విని చెప్పారో, రాయించాలి. రెండిళ్ల మాటలు పొసగకపోతే రెండింటినీ ఉంచాలి. అప్పుడు ఏదో ఒక రోజున ఒక బిడ్డ తన నాయనమ్మను ఊరి చేదబావి దగ్గరికి రానిచ్చేవారు కాదని రాసుకొని వస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లల ముందు అది చదివించాలా అని ఉపాధ్యాయుడు సంకోచిస్తాడు, ఆ సంకోచంలో దయ కూడా ఉండవచ్చు. కాని ఆ సంగతి రాసిన బిడ్డకు ముందే తెలుసు, ఆమె వాడ పిల్లలందరికీ తెలుసు. ఆ పుటను పక్కన పెడితే తెలియకుండా పోయేది మిగిలిన సగం తరగతికే. ఆ నాయనమ్మ తాను అనుభవించినదానిని ఉన్నది ఉన్నట్లు చెప్పింది గనుక, న్యాయశాస్త్రం లెక్కన ఆమె ఆప్తురాలు.