తీగల వంతెన – కాయక ధర్మము

పలాసలో జీడిపప్పు నింపుకొన్న లారీ ఉద్దానపు తోటల ప్రక్కగా 16వ నంబరు జాతీయ రహదారిపై సాగి, కలకత్తాలో ప్రవేశించుటకు హుగ్లీనదిపై విద్యాసాగర్ సేతువు నెక్కును. 1992లో ప్రారంభమైన ఆ సేతువునకు రెండు మహాస్తంభముల నడుమ 457 మీటర్ల మేర నీటిలో ఆధారము లేదు. ఉక్కుత్రాళ్లే భారమును మోయుచున్నవి. డ్రైవరు దిగి వానిని పరీక్షింపడు. సుంకము చెల్లించి సాగిపోవును. ముఖమెరుగని వారి పనితనముపై ప్రాణము నుంచుట యిది.

ఆ నమ్మకము చెడినచో నేమగును? గుజరాతులోని మోర్బీలో మరమ్మతుల పిమ్మట తెరచిన నాలుగు దినములకే, 2022 అక్టోబరు 30న, వ్రేలాడు వంతెన తెగి 130 మందికి పైగా మరణించిరి. ప్రధానమైన త్రాటిలోని 49 తీగలలో 22 అంతకుముందే తుప్పుపట్టి యుండెనని విచారణలో తేలినది. నడచు పలకలు క్రొత్తవి. మోయు త్రాడు పాతది.

బసవేశ్వరుడు బోధించిన కాయకము జీవనోపాధి మాత్రము కాదు. పరీక్షాధికారి కన్ను చేరని చోటను మన వక్షముపై నున్న ఇష్టలింగము సాక్షి. పురుగుపప్పును ఏరివేయు పలాస స్త్రీ, బ్రేకు బిగించు టెక్కలి మెకానిక్కు, వీరిరువురును తామెరుగని వారిని కాపాడుచున్నారు. అయితే కూలి కోసి, గడువు కుదించి, శ్రద్ధను మాత్రము కోరు యజమానికి కాయకమును గూర్చి పలుకు అర్హత లేదు. కాయకమునకు దాసోహము తోడు కావలెను.

సుంకముతో దారి ఋణము తీరును. నమ్మకపు ఋణము తీరదు. పరులు పరీక్షింపకయే నమ్మదగినట్లు మన పనిని మనము చేయుటయే దానిని తీర్చు మార్గము.