పాత చెప్పుతో అద్దకం

బిడ్డా,

గండిమైసమ్మలో మీ మేడ మీద నువ్వు మొదలుపెట్టిన పని గురించి మీ అమ్మ చెప్పింది. పాత హవాయి చెప్పులు, సైకిల్ ట్యూబులు కోసి అచ్చులు చేసి, గుడ్డ సంచుల మీద అద్దుతున్నావట. సంబరపడ్డాను. నువ్వు పంపిన ఫోటోలో సంచి మీద మామిడిపిందె చూశాక మాత్రం నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఆ పిందె పెడన అచ్చుల్లోది. మచిలీపట్నం పక్కనున్న ఆ ఊళ్ళో దాన్ని టేకు దిమ్మ మీద చెక్కుతారు. వెంట్రుకంత గీత టేకులో నిలుస్తుంది, చెప్పు రబ్బరులో నిలవదు. ఒత్తగానే వంగి పక్క గీతకు అంటుకుంటుంది. నీ పిందె ఉబ్బింది అందుకే. పైగా చీటీ మీద కలంకారీ అని రాశావు. ఆ మాట తీసెయ్యి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. స్క్రీన్‌తో గుద్దిన బట్టలు ఇప్పటికే ఆ పేరుతో బజారుకొచ్చి, అచ్చు అద్దేవాళ్ళ కూలికి గండికొడుతున్నాయి. ఆ వరసలో నువ్వు నిలబడకు.

పిందె బదులు చెప్పును తిప్పి చూడు. అడుగున గళ్ళు, వంకీలు ఉంటాయి. నడిచి నడిచి మడమ దగ్గర అరిగి ఉంటాయి. ఆ అరుగుడుతో సహా రంగు పూసి ఒత్తు. అలాంటి నమూనా ఏ దిమ్మ చెక్కేవాడూ ఇవ్వలేడు. చెక్కముక్కకు సైకిల్ ట్యూబు పట్టీలు అడ్డంగా అంటించినా మంచి చారలు పడతాయి.

పారేసే సామానుతో పని చెయ్యడం కలంకారీ వాళ్ళకు పాత సంగతే. గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్నం నుంచి 17వ శతాబ్దంలో పర్షియాకు ఓడలెక్కిన అద్దకం బట్టలున్నాయే, వాటి నలుపుకు మూలం తుప్పు ఇనుము. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి రెండు మూడు వారాలు పులియబెడతారు. బట్టను ముందే కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు, కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. జీడిమెట్ల కార్ఖానాలు అంత దగ్గర పెట్టుకుని నీకు తుక్కు ఇనుముకు కరువా? చేసి చూడు. అయితే ఇనుప నీళ్ళు చిక్కగా వాడితే కొన్నాళ్ళకు ఆ నల్లగీతల దగ్గరే బట్ట చివికిపోతుంది. వంట గిన్నెలు మాత్రం దీనికి వాడకు.

దుకాణంలో కొన్న పిగ్మెంట్ రంగే వాడతానంటే అదీ మంచిదే. కొత్త బట్టను సబ్బుతో ఉతికి గంజి పూర్తిగా వదిలించు, లేకపోతే రంగు గంజికి పట్టి మొదటి ఉతుకుకే పోతుంది. రంగును బ్రష్షుతో అచ్చుకు పూయకు. పళ్ళెంలో పాత కంబళి ముక్క పరిచి, దానికి రంగు పట్టించి, అచ్చును దాని మీద తేలిగ్గా తట్టు. బల్ల మీద రెండు మూడు పాత చీరలు మడతలేసి పరిస్తే అచ్చు సమంగా కూర్చుంటుంది. అరచేతి కన్నా పెద్ద అచ్చయితే వెనక నుంచి రెండు రంధ్రాలు వెయ్యి. గాలి చిక్కుకుంటే నడిమధ్యన రంగు అంటదు. రబ్బరును చెక్కకు అతికించడానికి తెల్లగమ్ము పనికిరాదు, కడిగినప్పుడల్లా ఊడుతుంది. చౌరస్తాలో చెప్పులు కుట్టేవాళ్ళను అడిగితే వాళ్ళు వాడే గమ్ము ఇస్తారు. అక్షరాలు అద్దాలంటే అచ్చు మీద తిరగేసి కొయ్యాలి. అద్దిన బట్ట ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చెయ్యి, అప్పుడే రంగు నిలుస్తుంది.

ఇంకొకటి. పాత సామాను కదా, వంకరగా పడితే ఏముంది అని సంచి కొనేవాళ్ళతో అనకు. అచ్చు ఊరికే దొరికినా బట్ట, రంగు, నీ పూట ఖర్చయ్యాయి.

చెప్పు అడుగు నమూనాతో నాకు రెండు సంచులు పక్కన పెట్టు, నీలం రంగువి. పెద్దమ్మ కదా అని ఊరికే పంపకు, డబ్బులు తీసుకో.