తెరిపించిన తలుపులు

“ఈ వయసులో ఇంకేం మారతాం!” ఈ మాట ఈమధ్య నా నోట తరచు వస్తోంది. అన్న ప్రతిసారీ ఆర్చిబిషప్ ఆస్కార్ రొమెరో గుర్తొచ్చి ఆగిపోతున్నాను.

ఆయన 1917లో ఎల్ సాల్వడోర్‌లో పుట్టారు. చిన్నప్పుడు వడ్రంగం నేర్చుకున్నారు, 1942లో రోమ్‌లో క్యాథలిక్ గురువయ్యారు. పుస్తకాల మనిషి, గొడవలకు దూరం. 1977 ఫిబ్రవరిలో ఆయన్ని శాన్ సాల్వడోర్ అగ్రపీఠాధిపతిని చేస్తే భూస్వాములు సంతోషించారు, పేదల మధ్య పనిచేసే గురువులు దిగులుపడ్డారు. అప్పటికాయనకు 59 ఏళ్లు.

పదవి చేపట్టి మూడు వారాలు తిరక్కుండానే, మార్చి 12న, ఆయన స్నేహితుడు ఫాదర్ రుతీలియో గ్రాందేని కాల్చి చంపారు. వెంట ఉన్న ముసలాయన్నీ, కుర్రవాణ్ణీ కూడా వదల్లేదు. ఆ రాత్రి రొమెరో ఆ మూడు శవాల దగ్గరికి వెళ్లారు. చుట్టూ చేరిన పల్లె జనం చెప్పిందంతా విన్నారు. ఆ తర్వాత మూడేళ్లు, చనిపోయినవారి పేర్లు, కనిపించకుండా పోయినవారి పేర్లు ఆదివారం ప్రసంగంలో చదివారు. దేశమంతా రేడియోలో విన్నది. 1980 మార్చి 23న, జనాన్ని చంపడం ఆపమని సైనికులను దేవుడి పేరున ఆజ్ఞాపించారు. మర్నాడు సాయంత్రం, తాను నివసించే క్యాన్సర్ ఆసుపత్రి చిన్న గుడిలో పూజ చేస్తుండగా ఆయన్ని కాల్చి చంపారు. 2018లో పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు.

స్నేహితుడి చావుతో ఒక్క రాత్రిలో మారిపోయారని చాలామంది అంటారు. నాకలా అనిపించదు. అంతకుముందు సాంతియాగో దె మరియా బిషప్‌గా ఉన్నప్పుడు, కాఫీ కోతలకొచ్చిన కూలీలు చలిలో ఆరుబయట పడుకోవడం చూసి, వాళ్లకోసం చర్చి గదుల తలుపులు తెరిపించారు. ఆ కూలీలను కళ్లారా చూసినవారు కాబట్టే ఆ రాత్రి శవాల ముందు మొహం తిప్పుకోలేకపోయారు. చివరిదాకా విశ్వాసం అదే, ప్రార్థన అదే. నిలబడే చోటే మారింది.

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ మెట్ల కింద పడుకుంటాడు. పోయిన నెల మీటింగులో అతనికో గది ఇద్దామని ఒకావిడ అంటే, ఖర్చని నలుగురూ కొట్టిపారేశారు. నేను తల దించుకుని కూర్చున్నాను. వచ్చే ఆదివారం మళ్లీ మీటింగు ఉంది. ఈసారి ఆ మాట నేనెత్తుతాను.