ఐగుప్తీయులు ఎవరి సంతానం?



హేరోదు కత్తికి చిక్కకుండా బాలయేసును తీసుకొని యోసేపు, మరియతల్లి ఎక్కడికి పోయారు? ఐగుప్తుకు (మత్తయి 2:13-15). తమ పితరులను బానిసలుగా వాడుకొన్న దేశానికే! ఆ దేశమే వారికి నీడనిచ్చింది.

ఆ ఐగుప్తీయులు ఏ జాతివారు? నల్లవారా, తెల్లవారా? పిరమిడ్లు కట్టింది మా పూర్వీకులే అని ఒకరు, కాదు మావారే అని ఇంకొకరు ఎంతో కాలంగా వాదించుకొంటున్నారు. ఈ వాదులాట వల్లూరులో ఉన్న మనకెందుకు అంటారా? కొంచెం ఓపిక పట్టండి.

ఆదికాండము 10వ అధ్యాయం కూషు, ఐగుప్తు, కనాను ముగ్గురినీ హాము కుమారులుగా, అన్నదమ్ములుగా చూపుతుంది. అంతకుముందు 9వ అధ్యాయంలో నోవా శపించింది కనానును మాత్రమే. అయినా తరువాతి కాలంలో కొందరు క్రైస్తవులే దానికి ‘హాము శాపం’ అని పేరుపెట్టి, ఆఫ్రికా ప్రజలను బానిసలుగా అమ్ముకోవడానికి సాకుగా వాడుకొన్నారు. గ్రంథంలో లేని శాపాన్ని గ్రంథం పేర తోటివారి నెత్తిన రుద్దడం ఎంత ఘోరం!

మరి శాస్త్రజ్ఞులు ఏమంటున్నారు? నువైరాత్ అనే చోట మట్టికుండలో పెట్టి సమాధి చేసిన ఒక మనిషి ఎముకలను పరీక్షించి, 2025లో ఫలితాలు ప్రకటించారు. ఆయన సుమారు 4,500 ఏళ్లకు పూర్వం జీవించినవాడు. ఆయన వంశమూలాలలో దాదాపు 80 శాతం ఉత్తర ఆఫ్రికావి. తక్కిన 20 శాతం మెసపొటేమియా వైపువి. అబ్రహాము బయలుదేరిన ఊరు అనే ఊరు కూడా ఆ మెసపొటేమియాలోనిదే. ఒక్క మనిషిని చూసి దేశమంతా ఇంతేనని చెప్పలేము. కాని ఆ తరువాత కూడా ఆ నేలకు నూబియా రాజులు వచ్చారు, గ్రీకులు వచ్చారు, అరబ్బులు వచ్చారు. ఎన్నో వాగులు కలిస్తేనే గదా మన పెన్న నది అయింది! ఐగుప్తు ప్రజలూ అంతే.

ఆ మనిషి ఎముకల అరుగుదలను బట్టి ఆయన కుమ్మరి అయి ఉండవచ్చునని పరిశోధకుల ఊహ. మన ఊళ్లో అయితే వెంటనే “ఏ కులం?” అని అడిగేవాళ్లం!

ఇశ్రాయేలు రక్తం మాత్రం వేరుగా ఉందా? యోసేపు భార్య ఆసెనతు ఐగుప్తు పూజారి కుమార్తె (ఆది 41:45). ఆమె కన్న ఎఫ్రాయీము, మనష్షేలను యాకోబు తన సొంత కుమారులుగా స్వీకరించాడు. ఇశ్రాయేలు గోత్రాలలో రెండు ఆ ఐగుప్తు తల్లి బిడ్డలవే. ఐగుప్తీయుని అసహ్యించుకోవద్దని ధర్మశాస్త్రమే ఆజ్ఞాపిస్తున్నది (ద్వితీయోపదేశ 23).

వంశం గొప్ప చెప్పుకోవడం మన సీమకూ కొత్త కాదు. రేనాటి చోళులు తాము సూర్యవంశీయులమని, కరికాలుని కులం వారమని రాగిరేకుల మీద చెక్కించుకొన్నారు. ఆ రాజ్యం పోయింది, రేకులు మిగిలాయి. మనమో? ఆదివారం ఒకే దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తాం. సోమవారం పెండ్లిమాటలు వచ్చేసరికి “వాళ్లది ఏ పేట?” అని గొంతు తగ్గించి అడుగుతాం. బ్రతికినన్నాళ్లూ పక్కపక్కన మోకరించినవారిని సమాధుల దొడ్డిలో మాత్రం దూరం పెట్టాలని చూస్తాం. జ్ఞానస్నానపు నీళ్లు మన తలను తడిపాయి గాని, మనసును తడపలేదా?

జాతి, రంగు, స్థితిని బట్టి మనిషిని వేరుచేయడం క్రీస్తు మనసుకు విరుద్ధమని 1965లోనే రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది. మన కడప మేత్రాసన గురువుగా 1992లో అభిషేకం పొందిన పూల అంతోని గారు 2022లో కార్డినల్ అయ్యారు. దళిత సమాజం నుండి వచ్చిన తొలి కార్డినల్ ఆయనే. ఆ రోజు మనమందరం సంతోషంతో చప్పట్లు కొట్టాం. మంచిదే. ఆ సమాజంలోని అమ్మాయి మన ఇంటికి కోడలిగా వస్తానంటే అదే సంతోషం మన ముఖంలో కనబడుతుందా? ఈ ప్రశ్నకు జవాబు ఎవరి మనస్సాక్షిలో వారు వెదకుకోవాలి.

దేవుడు మానవజాతి అంతటినీ ఒకే మూలం నుండి కలిగించాడని పౌలుగారు ఏథెన్సులో బోధించారు (అపో.కా. 17:26). ఐగుప్తీయులు ఎవరి సంతానం అంటే, మనం ఎవరి సంతానమో వారూ ఆయన సంతానమే.

ఈ వారం ఇంటిల్లిపాదీ జపమాల చెప్పుకొన్న తరువాత, ఇంతవరకు మనం గడప తొక్కని ఒక ఇంటికి వెళ్లి, వారిచ్చే మంచినీళ్లు తాగి వద్దాం. పరదేశంలో తలదాచుకొన్న తిరుకుటుంబం మనకు తోడుండుగాక! ఆమెన్.